శశిరేఖ ఎక్కడండీ?

మాదాపూర్‌లో మనిషి ఏ కంపెనీవాడో మెడలో వేలాడే తాడు రంగు చెప్పేస్తుంది. ఏ ఊరివాడో టిఫిన్ బండి దగ్గర రెండోసారి చట్నీ అడిగే తీరులో తెలిసిపోతుంది. ఏ మహాభారతం వాడో తెలియాలంటే మాత్రం ఒక్కటే దారి: ‘‘కల్కి నచ్చిందా?’’ అని అడగడం.

‘కల్కి 2898 ఏ.డి.’ 2024 జూన్ 27న, గురువారం నాడు విడుదలైంది. ఆ రాత్రే టీ20 ప్రపంచ కప్పు సెమీ ఫైనల్లో ఇండియాకీ ఇంగ్లండ్‌కీ మ్యాచి. ఆ రోజు సైబర్ టవర్స్ చుట్టుపక్కల పుట్టుకొచ్చిన జ్వరాలకీ, ఇళ్ళల్లో తెగిపోయిన ఇంటర్నెట్టుకీ లెక్క లేదు. మేనేజర్లు గుచ్చి గుచ్చి అడగలేదు. అడగాలంటే ముందు వాళ్ళు ఆఫీసులో ఉండాలి కదా.

మేం ఆదివారం దాకా ఆగి ఇంటిల్లిపాదీ వెళ్ళాం. తెనాలి నుంచి వచ్చిన మామగారు, అత్తగారు, మా ఆవిడ, ఇంటర్ చదువుతున్న మావాడు, ఐదేళ్ళ చిన్నది, నేను. ఒకటే వరస, ఒకటే తెర, ఒకటే రకం త్రీడీ కళ్ళజోళ్ళు. మూడు గంటల తర్వాత బయటికొచ్చేసరికి ఆరుగురం ఆరు సినిమాలు చూశామని తేలింది.

మొదటి బాణం మామగారిది. ఆడిటరుగా రిటైరైన మనిషి.

‘‘అల్లుడుగారూ, అశ్వత్థామకి పడ్డ శాపం మూడు వేల ఏళ్ళే. కలియుగం మొదలైంది క్రీస్తుపూర్వం 3102లో అంటారు. ఎటునించి కూడినా క్రీస్తు పుట్టేలోపే ఆయన శిక్ష పూర్తయిపోవాలి. ఇంకా ఆ కాశీలో ఏం చేస్తున్నట్టు?’’

లెక్కలో తప్పు లేదు. సౌప్తిక పర్వంలో కృష్ణుడు పెట్టిన గడువు మూడు వేల ఏళ్ళే. దర్శకుడు నాగ్ అశ్విన్ లెక్క వేరు. క్రీ.పూ. 3102లో మొదలైన కథ ఆరు వేల ఏళ్ళు నడిచి క్రీ.శ. 2898లో తేలుతుంది. సినిమా పేరులో అంకె అక్కణ్ణించే వచ్చింది.

‘‘రిలీవింగ్ లెటర్ ఇచ్చి ఉండరు తాతయ్యా. మాదాపూర్‌లో అది మామూలే,’’ అన్నాడు మావాడు.

నేను నాగ్ అశ్విన్ తరఫున వకాల్తా పుచ్చుకున్నాను. ఉత్తర గర్భం మీదికి అస్త్రం వదిలినవాడే, కల్కిని కనబోయే తల్లికి కాపలా కాయడం ఎంత గొప్ప ఊహ! కృష్ణుడి శాపంలోనే ప్రాయశ్చిత్తానికి కూడా దారి దొరికింది కదా అన్నాను.

మామగారు నావైపు జాలిగా చూశారు. ‘‘అది సరేనయ్యా. ముందు ఆ పిల్లెవరో చెప్పు. అభిమన్యుడి భార్య ఉత్తర అంటాడేమిటి? మరి శశిరేఖ ఎక్కడ?’’

అత్తగారు లైట్లు చూస్తానంటే చుట్టు తిరిగి దుర్గం చెరువు తీగల వంతెన ఎక్కాం అప్పుడే. కారులో కాసేపు ఎవరూ నోరెత్తలేదు. చివరికి అత్తగారే, వంతెన మీంచి చూపు తిప్పకుండా అన్నారు: ‘‘శశిరేఖ మాయాబజార్లో ఉందండీ. వ్యాసులవారికి ఆ పిల్ల తెలీదు.’’

అదీ సంగతి. 1957 నాటి ‘మాయాబజార్’ కథ వ్యాస భారతంలో లేదు. బలరాముడి కూతురు, అభిమన్యుడితో ప్రేమ, ఘటోత్కచుడి మాయ అంతా జనం నోళ్ళలో, నాటకాల్లో పెరిగిన ముచ్చట. పైగా పాండవులు మగపెళ్ళివారైన ఆ సినిమాలో పాండవులే కనపడరు. ఈ రోజుల్లో ఎవరైనా పాండవులు లేకుండా భారతం తీస్తే మా మామగారు సెన్సారు బోర్డుకి రిజిస్టర్డ్ పోస్టులో ఉత్తరం రాస్తారు. ‘మాయాబజార్’ తీసిన కె.వి. రెడ్డిగారిని మాత్రం ‘‘ఇది ఏ పర్వంలో ఉందండీ’’ అని ఒక్కనాడూ అడగలేదు. అడగాలని తోచనే లేదు. కల్పనకి వయసొస్తే పురాణమైపోతుంది.

మిగతా వాళ్ళ ఫిర్యాదులు ఇంటికెళ్ళాక భోజనాల దగ్గర బయటపడ్డాయి. మామగారి బాధ సినిమా వ్యాసుడిలా లేదని. మావాడి బాధ అది ‘మ్యాడ్ మ్యాక్స్’లా, ‘డ్యూన్’లా ఉందని. మా ఆవిడది అర్జునుడి పార్టీ. చివర్లో హీరో భైరవే కర్ణుడని తెలిసి హాలంతా ఈలలు వేస్తుంటే, ‘‘విరాట పర్వంలో అర్జునుడొక్కడే ఈ కర్ణుణ్ణీ ద్రోణుణ్ణీ అశ్వత్థామనీ అందర్నీ కట్టకట్టి ఓడించాడు, అది ఎవరికీ గుర్తుండదు’’ అని ముందు వరస వాళ్ళు వెనక్కి తిరిగేంత గట్టిగా అంది. అత్తగారికి ఏ పర్వంతోనూ పని లేదు. ‘షోలే’ నాటినుంచీ ఆవిడకి అమితాబ్ బచ్చన్ ఉంటే చాలు. ‘‘ఎనభై దాటిన మనిషి అశ్వత్థామగా ఎలా ఎగిరాడో చూశారా. మీరు మోకాళ్ళని లిఫ్టు దిగరు’’ అని మామగారికి అంటించారు. చిన్నది బుజ్జి కనపడిన సీన్లు మాత్రం చూసి, మిగతా సినిమా నిద్రపోయింది. బుజ్జి అంటే మాట్లాడే కారు, గొంతు కీర్తి సురేష్‌ది.

ఇన్ని తగాదాల మధ్య మేలుకుని చూసిన ఐదుగురికీ నచ్చింది ఒక్కటే: కృష్ణుడి ముఖం. ఎందుకంటే అది చూపించలేదు. ఆ పాత్రను మొదటినుంచి చివరిదాకా నీడలోనే ఉంచారు. ఆ చీకట్లో మామగారు ఎన్.టి. రామారావుని చూసుకున్నారు. మా ఆవిడ దూరదర్శన్‌లో ఆదివారం పొద్దున వచ్చే బి.ఆర్. చోప్రా సీరియల్లోని నితీశ్ భరద్వాజ్‌ని చూసుకుంది. మావాడు ఎవరిని చూసుకున్నాడో చెప్పలేదు కానీ ఫిర్యాదైతే చెయ్యలేదు. ఎవరి కృష్ణుణ్ణి వాళ్ళు ఇంటినించి తెచ్చుకున్నారు, నిర్మాతకి పైసా ఖర్చు లేకుండా.

సోమవారం ఆఫీసు కింద టీ బండి దగ్గర ఇదే పంచాయితీ అఖిల భారత స్థాయిలో నడిచింది. తిరునెల్వేలి కుర్రాడు కర్ణుడి పేరెత్తితే కళ్ళు తుడుచుకుంటాడు. వాళ్ళింట్లో 1964 నాటి శివాజీ గణేశన్ ‘కర్ణన్’ చూడకుండా పండగ జరగదట. ఆ సినిమాలో కృష్ణుడు మన రామారావే అని నేను గుర్తుచేస్తే కాస్త మెత్తబడ్డాడు. ఆ రామారావే 1977లో ‘దానవీరశూరకర్ణ’ తీసి కర్ణుడూ దుర్యోధనుడూ కృష్ణుడూ మూడూ తనే వేశారు. ఎవరి పక్షం చేరినా చప్పట్లు ఆయనకే. ఢిల్లీ పిల్లకి మాత్రం ఈ గొడవే అర్థం కాలేదు. ఆమె భారతం బొమ్మల పుస్తకాల్లోది. అందులో అందరూ ఒకే సైజులో, ఒకే కండలతో ఉంటారు.

మూలం మూలం అని గుండెలు బాదుకునేవాళ్ళకి ఒక మాట గుర్తుచేయాలి. తెలుగులో భారతం వచ్చిందే ముగ్గురు దర్శకుల చేతుల మీదుగా. నన్నయ అరణ్య పర్వం సగంలో ఆగిపోయారు. రెండు శతాబ్దాల తర్వాత తిక్కన ఆ మిగిలిన సగం జోలికి పోకుండా, నేరుగా విరాట పర్వం నుంచి సెకండ్ పార్టు పట్టాలెక్కించి పదిహేను పర్వాలు పూర్తిచేశారు. వదిలేసిన రీళ్ళు ఆ తర్వాత ఎర్రన పూరించారు. రామాయణం సంగతి ఇంకా ఘాటు. ఒకే కథ మీద విశ్వనాథ ‘కల్పవృక్షం’ నాటారు, రంగనాయకమ్మ ‘విషవృక్షం’ నాటారు. రెండు చెట్ల కిందా జనం ఉన్నారు.

2023 జూన్‌లో ‘ఆదిపురుష్’ వచ్చినప్పుడు ప్రతి హాల్లో హనుమంతుడికి ఒక సీటు వదిలారు. రావణుడంటే ఎస్వీ రంగారావు అని స్థిరపడిపోయిన మామగారికి ఆ కొత్త రావణుడి క్రాఫు మింగుడుపడలేదు. డైలాగుల మీద దేశమంతా గోల లేచి, విడుదలయ్యాక వాటిని మార్చాల్సి వచ్చింది. హాల్లో ఏ అభిప్రాయమూ చెప్పకుండా చివరిదాకా కూర్చున్న ప్రేక్షకుడు ఆ సీట్లోని ఆయనొక్కడే.

కనక నా సిద్ధాంతం ఇది. పురాణ సినిమా బాగుందా లేదా అన్నది సగమే దర్శకుడి చేతిలో ఉంటుంది. మిగతా సగం మనకా కథ మొట్టమొదట చెప్పినవాళ్ళ చేతిలో ఉంటుంది. నాయనమ్మ కావచ్చు, రామారావు కావచ్చు, బొమ్మల పుస్తకం కావచ్చు. మనం ‘మూలం’ అనేది వాళ్ళనే. వ్యాసుడి పేరు మర్యాదకి వాడుకుంటాం. అందుకే ఒకే వరసలో ఆరు తీర్పులు, ఆరూ సుప్రీం కోర్టువే. అప్పీలు లేదు.

ఈ సిద్ధాంతం మామగారికి చెబితే, ‘‘నాకు వర్తించదు. నేను మూలం దాటను’’ అన్నారు. దానికి రుజువు ఆ రాత్రే దొరికింది. చిన్నది అన్నం తిననని మొరాయిస్తే ఆయన కంచం పట్టుకుని బాల్కనీలో భారతం మొదలుపెట్టారు. కురుక్షేత్రం, ద్రోణుడు, అశ్వత్థామ నుదుటి మణి అంతా పద్ధతి ప్రకారమే నడుస్తోంది. మూడో ముద్ద దగ్గర అది నోరు బిగించింది.

‘‘తాతయ్యా, మరి బుజ్జి ఎప్పుడొస్తుంది?’’

మామగారు లోపలికి తొంగి చూశారు. మేం ఎవరం వినడం లేదని రూఢి చేసుకున్నారు.

‘‘వస్తుందమ్మా. ఉత్తర దిక్కునుంచి బుజ్జి బయల్దేరింది. నువ్వు ముద్ద మింగితే యుద్ధరంగంలోకి వచ్చేస్తుంది.’’

కంచం ఖాళీ అయింది. ఇంకో పాతికేళ్ళకి ఎవరో పాపం ఎంతో శ్రద్ధగా, వ్యాసుణ్ణి అక్షరం దాటకుండా, బుజ్జి లేకుండా భారతం తీస్తాడు. మా చిన్నదాని చేతిలో ఆయనకి మూడింది.