కౌజు పిట్టల్ని పద్ధతిగా పెంచే చిట్కాలు

తెల్లారేసరికి మీ మెట్ట చేల చుట్టూ కౌజులు గోల పెడుతున్నాయంటే సంబరపడకండి. అదుపూ ఆజ్ఞా లేకుండా పెరుగుతున్నాయన్నమాట. అనంతపురం, కర్నూలు వైపు శెనక్కాయ చేలల్లో ఎవరూ పూనుకోకుండానే ఇవి తరతరాలుగా బతికాయి. అందులో మన గొప్పతనం ఏముంది? కింద చెప్పినవి పాటించండి, మూడేళ్లలో తేడా మీకే తెలుస్తుంది.

ముందు గెనిమల సంగతి చూడాలి. తంటా అంతా అక్కడే. రెండు చేల మధ్య రేగు కంప, తంగేడు, బలుసు, మోకాలెత్తు గడ్డి. చూసినవాళ్లు ఈ రైతుకు శ్రద్ధ లేదనుకోరూ? కౌజు ఆ కంప మొదట్లోనే నేల మీద చిన్న గుంట చేసుకుని ఆరో ఎనిమిదో గుడ్లు పెడుతుంది. రాత్రి ఆ ముళ్ల కొమ్మల్లోనే నిద్ర. పైన గద్ద కనిపిస్తే వీలైనంతవరకు ఎగరదు, పరుగెత్తి అందులోకే దూరుతుంది. దాన్ని ఇంత పిరికిదాన్ని చేసింది ఆ కంపే! జేసీబీ పిలిపించి గెనిమలన్నీ చదును చేయించండి. దూరడానికి చోటు లేకపోతే ధైర్యం దానంతటదే వస్తుంది. మీకు నాలుగు సాళ్లు అదనంగా కలిసొస్తాయి కూడా.

బీడుకు నిప్పు పెట్టాలంటే ఏప్రిల్, మే నెలలు భేషైనవి. గుడ్ల అదను మొదలయ్యేదీ అప్పుడే గనక గడ్డి, పొద, గూడు ఒకే అగ్గిపుల్లతో శుభ్రమవుతాయి. స్కాట్లండు కొండల్లో గ్రౌస్ పిట్టల కోసం హెదర్ పొదను చిన్న చిన్న ముక్కలుగా, వంతులవారీగా కాలుస్తారు. తినడానికి లేత చిగురు, దాక్కోవడానికి ముదురు పొద పక్కపక్కనే ఉండాలట. తీరికున్నవాళ్ల పనులు. మనం ఊరి బీడంతా ఒక్క పూటలో అంటించేద్దాం.

పిల్లల తిండి దగ్గర మాత్రం రాజీ పడొద్దు. గుడ్డులోంచి వస్తూనే తల్లి వెంట నడిచే ఈ కూనలు గింజల్ని వదిలేసి చెదలు, చీమలు, చిన్న మిడతల మీద పడతాయి. అసహ్యం కాదూ? గడ్డిమందు కొట్టి పురుగు వాలే మొక్కల్ని, పురుగుమందు కొట్టి మిగిలిన పురుగుల్ని తీసేయండి. ఇంగ్లండులోని ససెక్స్ పొలాల్లో డిక్ పాట్స్ అనే శాస్త్రవేత్త 1960ల చివరి నుంచి అక్కడి పార్ట్రిడ్జ్ పిట్టల వెంట పడ్డాడు. కలుపు మందుల వల్ల పురుగు కరువై కూనలు చస్తున్నాయని తేల్చాడు. కలుపు మీద అంత ప్రేమేమిటో!

కాలిపోయిన బీడు ఎలాగూ సర్కారు లెక్కల్లో బంజరే. జామాయిల్ నాటించండి, ఫొటోలు పచ్చగా వస్తాయి. కౌజుకు ఎండ తగిలే బయలు, పక్కనే పొద కావాలంటారు గానీ, ఇంత నీడ ఇచ్చాక ఇంకా ఏం కావాలి?

ఇన్ని చేసినా పిట్టలు తగ్గాయనిపిస్తే బజారు ఉండనే ఉంది. అక్కడ కౌజులని అమ్మే ఫారం పిట్టలు జపాన్ జాతి పూరేళ్లు. అవి గుడ్లు పొదగడం దాదాపు మరిచిపోయాయి గనక మీ ఇష్టం వచ్చినన్నిసార్లు కొనొచ్చు. వదిలేటప్పుడు ఊరకుక్కల్ని కట్టేయకండి, వాటికీ పరిచయం కావాలి.

దీమం పిట్టను పంజరంలో పెట్టి, దాని కూతకు వచ్చిన వాటిని ఉచ్చులతో పట్టే వాళ్లున్నారని ఎవరైనా చెబితే నమ్మకండి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ఉండగా ఉచ్చులెలా ఉంటాయి? తెల్లవారుజామున లేచి గస్తీ తిరగడం శుద్ధ దండగ.

చివరికి లెక్క. కౌజు కూసేది పొద్దున, సాయంత్రం. ఆ గోలలో లెక్క తప్పుతుంది కాబట్టి మే నెల మిట్టమధ్యాహ్నం జీపులో, హారన్ కొడుతూ వెళ్లండి. సున్నా వస్తే కంగారు పడక, లెక్కల ఫారంలో అంకె రాసే గడిలో ‘సంఖ్య అదుపులో ఉన్నది’ అని రాసి సంతకం పెట్టండి.