బిగుసుకున్నది నేనే

పడవ ఎక్కినవాళ్ళెవరూ నన్ను చూడరు. ముందున్న చక్రాన్ని చూస్తారు, వెనకున్న ఇంజన్ని చూస్తారు. ఆ రెంటికీ మధ్య, కుడిపక్క గోడ లోపలి నుంచి సీట్ల వెనకగా వంగి వెళ్ళే పదిహేనడుగుల స్టీరింగ్ కేబుల్‌ని నేను. పైన నల్లటి ప్లాస్టిక్ తొడుగు, లోపల ఉక్కు తీగలతో అల్లిన గొట్టం, ఆ లోపల పొడవునా తీగ చుట్టిన ఉక్కుతాడు. చక్రం తిప్పితే దాని వెనక డబ్బాలో ఉన్న పళ్ళచక్రం ఆ చుట్లను పట్టుకుని తాడును తోస్తుంది, లేదంటే లాగుతుంది. నా రెండో కొసన స్టెయిన్‌లెస్ స్టీలు కడ్డీ ఒకటుంది. ఇంజన్ను నీళ్ళలోంచి పైకి లేపేటప్పుడు ఇరుసుగా పనిచేసే టిల్ట్ ట్యూబ్ లోపల ఆ కడ్డీ తొమ్మిది అంగుళాల మేర అటూ ఇటూ జారుతుంది. దాని చివర బిగించిన లింకు ఇంజన్ మెడ పట్టి తిప్పుతుంది. ఔట్‌బోర్డు పడవకి వేరే చుక్కాని ఉండదు. ఇంజనే చుక్కాని.

నా మొదటి యజమాని ఫ్లోరిడావాడు. సముద్రంలో చేపలవేట అతని సరదా. ఒడ్డుకొచ్చాక ఇంజన్ను మంచినీళ్ళతో శ్రద్ధగా కడిగేవాడు గాని, నా కడ్డీ మీద చెంబుడు నీళ్ళు పోసిన పాపాన పోలేదు. కడ్డీ గొట్టంలోంచి బయటికి చాచి ఉండగానే పడవని నెలల తరబడి వదిలేసేవాడు. ఉప్పు దాని పని అది చేసుకుపోయింది. ఒకసారి ఎవరో మెకానిక్కు వచ్చి, కడ్డీ అలా బయటికి ఉండగానే గొట్టం మీది నిపుల్‌కి గన్ పెట్టి గ్రీజు కుక్కాడు. ఖాళీ అంతా గ్రీజుతో నిండిపోయింది. కడ్డీ వెనక్కి రావాలంటే ఆ గ్రీజు ఎటైనా పోవాలి, పోవడానికి దారి లేదు. అణగడానికి అదేమన్నా గాలా! కొంత గ్రీజు బయటికి తీసేదాకా చక్రం ఇసుమంతైనా కదల్లేదు. గ్రీజు పెట్టేముందు కడ్డీని పూర్తిగా లోపలికి లాగాలని ఇంజన్ పుస్తకంలో హెచ్చరిక పెట్టెలోనే రాసి ఉంటుంది. ఆ పుస్తకం ప్లాస్టిక్ సంచి విప్పకుండానే పడవతోపాటు చేతులు మారింది.

కొన్నది అట్లాంటా పక్కన కమ్మింగ్‌లో ఉండే కాకినాడ కుర్రాడు. సాఫ్ట్‌వేరు ఉద్యోగం, ఇద్దరు పిల్లలు. అక్కడికి దగ్గరే లేక్ లానియర్. చట్టాహూచీ నదికి అడ్డంగా అమెరికా ఆర్మీ ఇంజనీర్ల విభాగం కట్టిన బ్యూఫర్డ్ డ్యామ్ వెనక నిలిచిన చెరువది. డ్యామ్ 1956లో పూర్తయింది. పేరు సిడ్నీ లానియర్ అనే కవిది. 1996 అట్లాంటా ఒలింపిక్స్‌లో రోయింగ్ పోటీలు ఇక్కడే జరిగాయి. ఉప్పునీళ్ళు వదిలి మంచినీళ్ళలో పడ్డాను, ఇక నా బాధ తీరిందనుకున్నాను. పట్టిన తుప్పు చోటు మారితే పోతుందా?

మొదట్లో చలికాలం పొద్దున్న మాత్రం కాస్త మొరాయించేవాణ్ణి. ఎండెక్కేసరికి సర్దుకునేవాణ్ణి. తర్వాత్తర్వాత ఎండాకాలంలోనూ అదే వరస. మా కుర్రాడు అందరూ చేసే పనే చేశాడు. బలం పెట్టాడు. రేవు దగ్గరికొచ్చి మలుపు తిప్పుకోవలసిన చోట రెండు చేతులతో, ఒకోసారి లేచి నిలబడి మరీ లాగేవాడు. పిల్లలకి లైఫ్ జాకెట్ బొత్తాలన్నీ పెట్టించే జాగ్రత్తపరుడు, చక్రం దగ్గర మాత్రం మొండిబలాన్ని నమ్ముకున్నాడు. అలా లాగితే విరిగేది డబ్బాలోని పళ్ళచక్రం. నీటి మధ్యలో అది విరిగితే చక్రం ఉత్తుత్తినే తిరుగుతుంది, ఇంజన్ తన ఇష్టం వచ్చినట్టు పోతుంది.

ఆ వేసవిలో మా కుర్రాడి మామగారు రాజమండ్రి నుంచి వచ్చారు. ఆర్టీసీ డిపోలో మెకానిక్కుగా చేసి రిటైరైన మనిషి. పడవ సంగతి తెలీదు, ఎక్కనూ లేదు. ఇంటి ముందు ట్రైలర్ మీదున్న నా దగ్గరికొచ్చి చక్రం పట్టుకు చూశారు.

"కదలకుండా ఉన్నప్పుడు కూడా ఇంతేనా బాబూ, నీళ్ళమీద పోతున్నప్పుడేనా?"

"ఎప్పుడూ ఇంతేనండి."

"రెండు వైపులా?"

"రెండు వైపులానండి."

ఆ రెండు ప్రశ్నలకే నాకు గుండె ఝల్లుమంది. స్పీడులోనే, అదీ ఒక పక్కకే బరువైతే ప్రొపెల్లర్ తిరుగుడు వల్ల వచ్చే లాగుడు అనుకోవచ్చు. నిలబడి ఉన్నప్పుడూ ఇలాగే ఉందంటే ఎక్కడో ఇనుముకీ ఇనుముకీ పట్టేసిందన్నమాట.

"ముందు డ్రాగ్ లింకు విప్పండి. పాత బస్సుకి స్టీరింగ్ గట్టిపడితే మేమూ అంతే. ముందు చక్రాలు జాకీ మీద లేపి, లింకు విప్పి, ఏ ముక్కకాముక్క తిప్పి చూస్తాం. చక్రాల దగ్గర కింగ్ పిన్ పట్టేసిందా, పైన స్టీరింగ్ బాక్సా, అక్కడే తేలిపోతుంది."

ఇంజన్నీ నన్నూ కలిపే ఆ లింకుని ఇక్కడా డ్రాగ్ లింకే అంటారు. నట్టు విప్పారు. మామగారు ఇంజన్ను ఒంటి చేత్తో నెట్టారు. హాయిగా అటూ ఇటూ తిరిగింది. దాని మెడలోని బుష్‌లు బాగానే ఉన్నాయి. మా కుర్రాడు ముందుకెళ్ళి చక్రం తిప్పాడు. ఇంజన్ బరువు లేకపోయినా అదే మొరాయింపు. ఇంజన్ బయటపడింది, నేను దొరికిపోయాను.

తర్వాత నన్ను గొట్టంలోంచి ఊడదీయాలి. అదే పెద్ద పని. గొట్టం మొదట్లో నన్ను పట్టి ఉంచే పెద్ద నట్టు అల్యూమినియం పొడితో, ఉప్పుతో తెల్లగా పేరుకుపోయి కదల్లేదు. మామగారు కిరసనాయిలు అడిగారు, అల్లుడు పెనిట్రేటింగ్ ఆయిల్ డబ్బా తెచ్చాడు. రాత్రంతా నానబెట్టి, మర్నాడు హీట్ గన్‌తో వేడిచేసి తిప్పితే కిర్రుమని వదిలింది. కడ్డీ మాత్రం రాలేదు. కుర్రాడు సుత్తి ఎత్తాడు. "ఆగండి బాబూ, కొస పువ్వులా విచ్చుకుంటే ఇంక గొట్టంలోకి దూరదు, బయటికీ రాదు" అని ఆయన కడ్డీ చివర కర్రముక్క అడ్డం పెట్టి, చిన్నచిన్న దెబ్బలతో లోపలికి తోశారు. గొట్టం అంచుదాకా వెళ్ళాక కర్ర తీసి, గొట్టంలో పట్టేంత సన్నటి చెక్కకడ్డీ దూర్చి మళ్ళీ కొట్టారు. అవతల అంగుళం అంగుళం చొప్పున నేను బయటికొచ్చాను. నాతోపాటు పాత గ్రీజు వచ్చింది, ముదిరి గడ్డకట్టిన పాకం రంగులో, గోటితో గీరితే పెచ్చులుగా ఊడుతూ. నా కడ్డీ ఒళ్ళంతా సన్నటి గుంటలు.

గొట్టం లోపల శుభ్రం చేయడానికి ఏం వాడాలా అని కాసేపు తర్జనభర్జన పడ్డారు. అమెరికాలో ఈ పనికి చాలామంది షాట్‌గన్ గొట్టం తుడిచే ఇత్తడి బ్రష్ వాడతారు. వేటసామాను కొట్లో దొరుకుతుంది. అది కొనడానికి మా కుర్రాడు మొహమాటపడ్డాడు. మామగారు పడలేదు.

గొట్టం తళతళలాడింది. ఇక నాకు గ్రీజు పూసి మళ్ళీ దూర్చేస్తారని ఆశపడ్డాను. ఆయన ఒప్పుకోలేదు. కడ్డీని గాలిలో వదిలేసి చక్రం తిప్పించారు. అప్పుడు కూడా బరువుగానే, లోపల గరగర. డబ్బా దగ్గర నన్ను విడదీసి చక్రం ఒక్కదాన్నే తిప్పితే గిర్రున తిరిగింది. సీటు వెనక నేను వంపు తిరిగే చోట ఆయన వేలితో తడిమితే తొడుగు కింద ఉబ్బు తగిలింది. కడ్డీ మొదట్లోంచి ఎర్రటి నీటిబొట్టు ఒకటి కారింది.

"పైనుంచి ఆయిల్ పోస్తే?" అన్నాడు అల్లుడు.

"పోస్తే నాలుగు రోజులు తిరుగుతుంది. లోపల గ్రీజు ఫ్యాక్టరీలో పెట్టి మూసేసిందే, మనం పెట్టేది కాదు. తీసెయ్యండి."

అంతకంటే బాగా నేనూ చెప్పలేను. ఆ ఉబ్బు దగ్గర తీగలు తుప్పుకి తెగుతున్నాయి. నా వైపు నుంచి బతిమాలేదేమీ లేదు.

కొత్త కేబుల్ కొనడానికి నా ఒంటి మీది నంబరు చాలింది. చివరి రెండంకెలు నా పొడవు అడుగుల్లో. దాన్ని ఎక్కడా ఎనిమిది అంగుళాల వ్యాసార్ధం కంటే తక్కువలో వంచకుండా వేశారు. ఆ సీటు వెనక నన్ను అంతకంటే బిగువుగా మడిచింది మాత్రం పడవ కట్టినవాళ్ళే, ఆ మాట చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. కడ్డీకి నీటికి కరగని మెరైన్ గ్రీజు పూసి దూర్చారు, పూర్తిగా లోపలికి లాగాకే నిపుల్‌కి గన్ పెట్టారు. లింకుకి కొత్త సెల్ఫ్ లాకింగ్ నట్టు వేశారు. ఇక్కడ మామూలు నట్టు పనికిరాదు. అదురుకి అది ఊడిందా, స్పీడులో ఉన్న పడవ ఉన్నట్టుండి గిరుక్కున తిరిగి మనుషుల్ని నీళ్ళలోకి విసిరేస్తుంది.

ఆదివారం చెరువుకి తీసుకెళ్ళారు. చక్రం రెండు వేళ్ళతో తిరిగిందట. స్పీడులో కొంచెం కుడికి లాగితే, ప్రొపెల్లర్ పైనుండే చిన్న ట్యాబ్ బోల్టు వదులు చేసి, దాని వెనక అంచుని కాస్త కుడికి జరిపి బిగించారట. "అట" అంటున్నానంటే అప్పటికి నేను పెరట్లో ఉన్నాను. తొడుగు కోసి చెత్తలో వేసి, స్టెయిన్‌లెస్ కడ్డీ పారేయడానికి మనసొప్పక మామగారు దాన్ని సొరపాదు పందిరికి ఊతంగా పాతారు.

సాయంత్రాలు అక్కడే మామా అల్లుళ్ళ కబుర్లు.

"అక్టోబరులో పడవకి కవరు కప్పేముందు చక్రం ఎటు తిప్పి ఉంచాలి బాబూ?"

"కడ్డీ లోపలికి పోయేటట్టండి."

"అదే, ఎటు తిప్పితే పోతుంది?"

అల్లుడు కాసేపు గాలిలో చేతులు తిప్పి చూసుకున్నాడు. తేలక, లేచి ట్రైలర్ దగ్గరికి వెళ్ళి చక్రం తిప్పి, వెనక్కి నడిచి గొట్టం చూసి వచ్చాడు.

"ఎడమకండి."