జేబుకంటిన సర్వే నంబరు

మార్కాపురం పలక మీద రాసిన అక్షరం పోవాలంటే తడిగుడ్డతో తుడవాలి. తహసీల్దారు ఆఫీసు ఎదుట జిరాక్స్ కొట్లో తీయించిన పొలం అడంగల్‌కు ఆ శ్రమ కూడా అక్కర్లేదు. నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకుని గిద్దలూరు బస్సెక్కితే చాలు, కంభం దాటేసరికి సర్వే నంబరు చొక్కాకు అంటుకుంటుంది. ఇక పొలం చేలో ఉన్నట్టా, చొక్కాలో ఉన్నట్టా? ఈ తగువు ఏ కోర్టుకు వెళ్లాలో వకీళ్లే చెప్పాలి.

ఇందులో మాయేమీ లేదు. ఆ కొట్లో జిరాక్స్ తీసే లేజర్ ప్రింటర్‌లో ఉండేది సిరా కాదు, రంగు కలిపిన మెత్తటి ప్లాస్టిక్ పొడి. ఫ్యూజర్ దాన్ని 200 డిగ్రీల దరిదాపుల వేడితో కరిగించి కాగితానికి పట్టిస్తుంది. ఏ సంచిలోంచో పోసిన నాసిరకం పొడి సరిగ్గా కరగదు, అక్షరం కాగితం మీద ఊరికే కూర్చుంటుంది. మరీ తొందరగా కరిగితే రోలర్‌కు అతుక్కుంటుంది. గరుకుగా ఉంటే ప్రింటర్ లోపలి డ్రమ్ము గీసుకుపోయి, తీసిన ప్రతి కాగితం మీదా నిలువునా నల్లగీత. ఆధార్ జిరాక్స్‌లో అది సరిగ్గా నుదుటి మీద పడుతుంది. చెన్నకేశవస్వామి ఊరు కదా, నామం పెట్టారనుకుని సరిపెట్టుకోవాలి!

కొట్టువాణ్ణి అడిగితే, "ఒరిజినల్ వేస్తే పేజీకి పది రూపాయలిస్తారా సార్?" అంటాడు. అతని బాధా అబద్ధం కాదు. కొట్లలో బాగా కనిపించే 12ఏ అనే పొడి కార్ట్రిడ్జ్ 2,000 పేజీలకు వస్తుందని కంపెనీ మాట. అదీ పేజీలో 5 శాతం మాత్రమే నలుపుంటే! గళ్లూ గీతలూ రాజముద్రా ఉన్న సర్కారీ కాగితం ఆ 5 శాతానికి లొంగుతుందా? కొత్తది వేలల్లో, రీఫిల్ వందల్లో. పైగా కంపెనీలు ప్రింటరు చవగ్గా అంటగట్టి పొడి దగ్గర పిండుకుంటాయి. బయటి కార్ట్రిడ్జ్ పెడితే చిప్పుతో దాని నోరు కట్టేసేవీ ఉన్నాయి.

రీఫిల్ చేయడం నేరం కాదు. ఒకసారి అమ్మేసిన కార్ట్రిడ్జ్ మీద పేటెంటు పెత్తనం చెల్లదని 2017లో ప్రింటర్ల కంపెనీ లెక్స్‌మార్క్ కేసులో అమెరికా సుప్రీంకోర్టే చెప్పింది. వాడేసిన డొక్కులో పొడి నింపి, కంపెనీ పేరున్న డబ్బాలో పెట్టి, మెరిసే స్టిక్కరంటించి ఒరిజినల్ ధరకు అమ్మడం మాత్రం శుద్ధ మోసం. 1999 నాటి ట్రేడ్ మార్క్స్ చట్టం దీనికి ఆరు నెలల నుంచి మూడేళ్ల దాకా జైలు, 50 వేల నుంచి 2 లక్షల దాకా జరిమానా రాసిపెట్టింది. ఆ చట్టాన్ని అదే పొడితో ప్రింటు తీస్తే, శిక్ష జైలు గుమ్మం చేరకముందే రాలిపోతుంది.

కాబట్టి అయ్యలారా, అమ్మలారా, కాగితం చేతికిచ్చాక కొట్టు దాటకండి. బొటనవేలితో ఒక్కసారి గట్టిగా రుద్దండి. వేలికి నలుపంటిందా, డబ్బులివ్వకండి. పక్క కొట్లో తీయించుకోండి.