మొహం చదివే మామ

మైపాడు నుంచి తుమ్మలపెంట దాకా ఏ ఊరి టీకొట్టు దగ్గరైనా ఆయన తగులుతాడు. వైద్యుడు కాదు, నాటువైద్యుడూ కాదు. రొయ్యల గుంటలు లీజుకిచ్చి పొద్దున పూట తీరుబడిగా ఉండే మనిషి. ఎదురొచ్చినవాడి మొహాన ఒక్క పొక్కు కనబడితే చాలు, టీగ్లాసు బల్ల మీద పెట్టేస్తాడు.

"ఇట్రా అబ్బయా. వెలుతురుకి తిరుగు."

గడ్డం పట్టుకుని, చెక్ ట్రేలో రొయ్యని వేలితో తిరగేసినట్టు మొహాన్ని అటూ ఇటూ తిప్పుతాడు. తీర్పు రెండు ముక్కల్లో వచ్చేస్తుంది: "వేడి జేసింది." ఆయన లెక్కలో వేడి చెయ్యని రోగం లేదు. సబ్జా తాగమంటాడు, మెంతులు నానబెట్టమంటాడు, చేపలు మానెయ్యమంటాడు. పూటపూటకీ పులుసు ఉడికే ఇంటి పిల్లాడితో చెప్పే మాటా అది! తను మాత్రం మధ్యాహ్నం మామిడికాయ వేసిన చేపల పులుసు మారు వడ్డించుకుంటాడు. ఆయన ఒంటికి వేడి పడుద్దంట.

ఈ మధ్య ఆయన చేతికి చిక్కింది గుంటల దగ్గర మేత చల్లే కుర్రాడు. నుదుటి మీద జుట్టు మొదలయ్యే చోట, వీపు పైన, రొమ్ము మీద ఆవగింజలంత పొక్కులు. అన్నీ ఒకే సైజు, ఒకే తీరు. బ్లాక్‌హెడ్స్ ఒక్కటీ లేవు. దురద మాత్రం గోకినకొద్దీ గోకమంటుంది. ఎండలో గట్లెమ్మట తిరిగి, పాలిస్టర్ టీషర్టు చెమటకి వీపునంటుకుంటే ఇక చెప్పనక్కర్లేదు.

"మొటిమలేరా. వయసు," అన్నాడు మామ. రాత్రిపూట కొబ్బరినూనె దట్టంగా పట్టించి పడుకోమన్నాడు. ఎక్కువయ్యాయి. లోపలున్నది బయటికొస్తుందని సంతోషించాడు. మందులషాపులో చీటీ లేకుండానే ఒక ట్యూబు ఇప్పించాడు. రెండురోజులు ఎరుపు తగ్గింది, ఊరంతా చెప్పుకున్నాడు. తర్వాత రెట్టింపయ్యాయి. యాంటీబయాటిక్ మాత్రలు మింగించాడు. పొక్కులు మెడ మీదికి కూడా పాకాయి.

పాపం, కుర్రాడి మీద ఆయన పట్టుదలగా పెంచుతున్నది మలాసీజియా అనే ఈస్టుని. 1874లో మలాసే అనే ఫ్రెంచి ఆయన చుండ్రు పొట్టులో దీన్ని గమనించాడు, పేరు ఆయనదే. మీ మీదా నా మీదా ఉంటుంది, మామూలుగా ఎవరి జోలికీ రాదు. తనకి కావలసిన కొవ్వు తను తయారుచేసుకోలేదు గనక మన జిడ్డు తిని బతుకుతుంది. ల్యాబులో దీన్ని పెంచాలంటే ఆలివ్ నూనె పోస్తారు; మామ ఖర్చు తగ్గించి కొబ్బరినూనె పోయించాడు. యాంటీబయాటిక్ దానికి పోటీగా ఉన్న బ్యాక్టీరియాని తుడిచిపెట్టింది. ట్యూబులోని స్టెరాయిడ్ ఒంటి కాపలాని జోకొట్టింది. 2018లో కేంద్రం 14 స్టెరాయిడ్ క్రీములని షెడ్యూల్ హెచ్‌లోకి తెచ్చింది, అంటే డాక్టరు చీటీ ఉంటేగానీ అమ్మకూడదు. మామకి తెలిసిన షెడ్యూలు రొయ్యలకి మేత వేసేదొక్కటే.

చివరికి వాళ్ళమ్మ వాణ్ణి నెల్లూరు బస్సెక్కించింది. చర్మం డాక్టరు పొక్కు గీకి, గాజుపలక మీద చుక్క వేసి, మైక్రోస్కోపులో చూసి చుండ్రు షాంపూ రాశాడు! రెండు శాతం కీటోకొనజోల్. "తలకి కాదు, పొక్కులున్నచోట నురగ పట్టించి, ఐదు నిమిషాలాగి కడుక్కో. చెమట పట్టిన చొక్కా వెంటనే మార్చు. నూనె ఆపు." లివరు సంగతి, వాడే వేరే మందులు అడిగి మాత్రలు కూడా రాశాడు. తగ్గినా వారానికోసారి షాంపూ వదలొద్దని, ఇది మళ్ళీ మళ్ళీ వచ్చే రకమని చెప్పి పంపాడు.

నెల తిరిగేసరికి వీపు నున్నబడింది. మామ ఏమాత్రం తగ్గలేదు. "నూనె పట్టించి దాన్ని పైకి రప్పించింది ఎవరు? డాక్టరు చేసిందేముంది, తుడిచాడు."

అప్పట్నుంచి టీకొట్టు దగ్గర వైద్యం మారింది. చెమటకాయలకి షాంపూ, దోమ కుట్టినదానికి షాంపూ. బ్లాక్‌హెడ్స్‌తో, చీముతో ఉన్న అసలుసిసలు మొటిమలతో వచ్చిన కాలేజీ అమ్మాయికి కూడా అదే షాంపూ. ఆ అమ్మాయికి కావలసిన మందు వేరే అని చెప్పేదెవరు?

మొన్న ఉక్కపోతకి మామ చొక్కా విప్పి అరుగు మీద కూర్చున్నాడు. మెడ కిందినుంచి రొమ్ము దాకా వెలిసిన మచ్చలు, గోటితో గీస్తే సన్నగా పొట్టు రాలే రకం. కుర్రాడు వంగి చూసి, "మామా, ఇది శోభి. డాక్టరు చెప్పిండాడు, నాకొచ్చినదీ నీకొచ్చినదీ ఒకటే బూజంట," అన్నాడు.

మామ గబగబా చొక్కా తొడుక్కుని చుట్టూ చూశాడు.

"సీసాలో ఏమన్నా మిగిలుంటే ఇంటికి పంపించు. మీ అత్తకి మాత్రం చెప్పబాక. పెళ్ళైన కాడ్నించీ అది లక్ష్మీకళ అని చెప్పుండా."