మేం పళ్లు పీకం, సపోర్టు చేస్తాం!

అమెరికాలో చాలా రాష్ట్రాల్లో పళ్ల డాక్టరు కానివాడు పళ్ల ఆసుపత్రికి యజమాని కాకూడదు. పక్కవాడి నోట్లో వేలు పెట్టేవాడే గల్లాపెట్టెకూ జవాబుదారీగా ఉండాలని చట్టం ఉద్దేశం. ఆ చట్టం చేసి పెద్దలు నిశ్చింతగా నిద్రపోయారు.

లేచేసరికి ‘సపోర్టు’ కంపెనీలు వెలిశాయి. ఇవి వైద్యం చేయవు, రామరామ! భవనం అద్దెకు తీసుకుంటాయి, కుర్చీలు కొంటాయి, జీతాలిస్తాయి, బిల్లులు వేస్తాయి, వసూళ్లు చూసుకుంటాయి. మిగతాదంతా డాక్టరుగారిదే. మిగిలేదల్లా తలుపు మీద పేరు! మన ఊళ్లో అయితే బినామీ అనేవాళ్లం. అగ్రరాజ్యం కదా, అక్కడ డెంటల్ సర్వీస్ ఆర్గనైజేషన్ అంటారు.

కొలరాడోలోని ప్యూబ్లోలో పుట్టిన ‘స్మాల్ స్మైల్స్’ పళ్ల ఆసుపత్రుల గొలుసు సంగతే చూడండి. పేద పిల్లల పళ్లకు మెడికెయిడ్ కింద సర్కారే డబ్బు కడుతుంది. అది చూసి ఎక్కడో బహ్రెయిన్‌లోని ఆర్కాపిటా బ్యాంకుకు నోరూరింది. 2006లో మరికొందరిని కలుపుకొని ఆ గొలుసు వెనకున్న ఫోర్బా కంపెనీని కొనేసింది. నేడో రేపో ఊడితే ఇంటికప్పు మీదికి విసిరేసే పాలపళ్లకు అవసరం లేని రూట్ కెనాళ్లు, స్టీలు తొడుగులు వేశారని అభియోగం. 2010లో 2.4 కోట్ల డాలర్లకు రాజీ కుదిరింది. కంపెనీ పేరు మార్చుకుంది. 2012లో దివాలా తీసింది. మళ్లీ పొట్టి పేరుతో లేచి కూర్చుంది. డాక్టర్ల యాజమాన్యం ఉత్త నామమాత్రమని 2013లో సెనెట్ కమిటీల నివేదిక తేల్చింది. 2014 ఏప్రిల్‌లో ప్రభుత్వం ఐదేళ్లపాటు మెడికెయిడ్ నుంచి వెలి వేసింది. అదీ సెప్టెంబరు ఆఖరు నుంచి! పిల్లలు వేరే డాక్టర్లను వెతుక్కోవాలి కదా అని గడువు.

ఇలాంటి కంపెనీల వ్యాపార లైసెన్సులు రద్దు చేయాలంటే కొందరు నొచ్చుకుంటారు. నిజమే, ఇంత దూకుడు పనికిరాదు. ఇన్నాళ్లూ తప్పు జరిగితే డెంటల్ బోర్డు డాక్టరు లైసెన్సు పట్టుకునేది. కంపెనీ దగ్గర పట్టుకోడానికి ఆ కాగితమే లేదు. టార్గెట్ పెట్టినవాడికి పన్నెక్కడుంటుందో తెలియదు, డ్రిల్లు పట్టినవాడికి లాభం ఎటు పోతుందో తెలియదు. ఉన్న ఒక్క వ్యాపార లైసెన్సూ లాక్కుంటే పాపం, సాయంత్రానికల్లా ఇంకో పేరు వెతుక్కోవాలి. ఆ శ్రమ వాళ్లకు కొత్త కాదనుకోండి.

కాబట్టి నాదో మధ్యేమార్గం. లైసెన్సులు ఉండనివ్వండి. లాభం ఏ ఖాతాకు చేరిందో, నోటీసునూ ఆ చిరునామాకే పంపండి. అద్దెలో, జీతాల్లో, బిల్లుల్లో అంత సపోర్టు చేసినవాళ్లు, బోనెక్కేటప్పుడు మాత్రం డాక్టరును ఒంటరిగా వదిలేస్తారా?