తాళంచెవి సూత్రానికి టీకా తాత్పర్యం

మూలం: ఇచ్చట అన్ని రకముల డూప్లికేట్ తాళంచెవులు చేయబడును.

అవతారిక: హైదరాబాదులో ఉప్పల్ రింగురోడ్డు నుంచి నాచారం దాకా, గొడుగుల కింద రేకు బోర్డుల మీద కనిపించే సూత్రమిది. సూత్రమన్నాక అక్షరాలు తక్కువ, చిక్కులు ఎక్కువ.

ప్రతిపదార్థం:

ఇచ్చట = గొడుగు నీడ పడినంత మేర. పొద్దు వాలినచో 'ఇచ్చట' కూడా నాలుగడుగులు జరుగును.

అన్ని రకముల = పెట్టెలో ఖాళీ చెవి ఉన్న రకములన్నియు.

డూప్లికేట్ = రెండవది; లోకవ్యవహారమున నకిలీది. ఒకే చెవికి రెండర్థములూ పట్టుటచే శ్లేష.

తాళంచెవులు = తాళము యొక్క చెవులు, షష్ఠీ తత్పురుషము. చెవి పెట్టినంత మాత్రమున తాళము వినునని నియమము లేదు.

చేయబడును = కర్మణి ప్రయోగము. ఎవరిచేతనో చెప్పలేదు గనుక రేపు నిలదీయుటకు కర్త దొరకడు. 'తలుపు తెరువబడును' అని సూత్రకారుడు ఎక్కడా అనలేదని గమనింపదగును.

తాత్పర్యం: అమెరికాకు చెందిన లైనస్ యేల్ జూనియర్ 1861, 1865లలో పేటెంట్లు పొందిన పిన్ తాళం పద్ధతే నేటి ఫ్లాట్ల తలుపుల్లోనూ ఎక్కువగా కనిపిస్తుంది. లోపల స్ప్రింగుల కింద ఐదో ఆరో పిన్నుల జతలుంటాయి. చెవి పళ్ళు ప్రతి జతనూ సరిగ్గా దాని ఎత్తుకు లేపితేనే సిలిండర్ తిరుగుతుంది. పంటి లోతులో ఒక మెట్టుకూ మరో మెట్టుకూ తేడా సుమారు అర మిల్లీమీటరు. నకలు తీసే యంత్రంలో ఒక ముల్లు పాత చెవిని తడుముతూ పోతే, పక్కనే చక్రం కొత్తదాన్ని కోస్తుంది. పాతదాని అరుగుదల కూడా ముల్లుకు పన్నులాగే కనిపిస్తుంది. అందుకే నకలుకు నకలు తీయిస్తే మనవడికి తాత పోలికలు పోయి, తండ్రి లోపాలు మిగులుతాయి.

ఇదే ఉప్పల్ రోడ్డులో, హబ్సిగూడ దగ్గర, జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ ఉంది. అక్కడివారు పరిశోధించే డీఎన్‌ఏ సంగతి వేరు: దానికి నకలు తీసే ఎంజైము, తప్పు పడితే వెనక్కి వచ్చి చెరిపి మళ్ళీ రాస్తుంది. చెవులు చేసేవాడి ఆకురాయికి ఆ విద్య రాదు. ఎక్కువ రాకితే పోయిన ఇత్తడి తిరిగి రాదు.

శంక: చెవి అసలుదే అయినా తిరగదేమి?

సమాధానం: దోషం తలుపుది. వానలకు చెక్క ఉబ్బినా, బందులు జారినా గడియ నాలుక చట్రంలోని కన్నానికి ఎదురుపడదు. ఇంటివారు చెవినే తిట్టి కొబ్బరినూనె పోస్తారు. నూనెకు దుమ్ము పట్టి పిన్నులు బిగుసుకుంటాయి. గ్రాఫైట్ పొడి వేస్తే ఆ బెడద తక్కువ. ఏమీ దొరక్కపోతే చెవి పళ్ళ మీద పెన్సిలు గీసినా కొంత పని జరుగుతుంది.

సంప్రదాయం: ఇంత టీకా చదివే తీరిక లేనివారికి గురుముఖోపదేశం ఉంది. నాచారంలో గది ఖాళీ చేసే కిరాయిదారు కొత్తగా దిగేవారి చేతిలో చెవి పెట్టి, గొంతు తగ్గించి చెబుతాడు: "జర తలుపు మీదికి లేపి తిప్పాలె అన్నా. మల్ల ఓనర్‌కు చెప్పకు, కొత్త తాళం పైసలు నిన్నే అడుగుతడు."