షో చూడ్డానికే వెళ్లాం!

"ఆడ్డానిక్కాదండీ, షో చూడ్డానికి వెళ్లాం." గోవా క్యాసినో నుంచి తిరిగొచ్చిన ప్రతి పెద్దమనిషీ చెప్పే మాటే ఇది. ఛత్తీస్‌గఢ్‌లోని మన సిల్తారా స్పాంజ్ ఐరన్ ఫ్యాక్టరీలకు కూలీలను పంపే మన తెలుగు కాంట్రాక్టర్లూ ఇదే పాట పాడతారు. కల్లుపాకలో దొరికినవాడు ఉడికించిన శనగల కోసం వచ్చానన్నట్టు!

సరే, కళాభిమానమే అనుకుందాం. మాండోవి నదిలో లంగరేసిన ఓడ ఎక్కగానే టికెట్‌తోపాటు కాసిని పందెం చిప్స్ చేతిలో పెడతారు. వేదిక మీద డాన్సు, పక్కన బఫే, చుట్టూ బల్లలు. ఒక సున్నా ఉన్న రౌలెట్ చక్రానికి 37 గళ్లు. మీ అంకె పడితే లాభం 35 రెట్లే. ఆ తేడాలోనే వందకు సగటున 2.70 రూపాయలు యజమానికి మిగులుతాయి. ఇంకో సున్నా తగిలిస్తే 5.26. అదే వంద రాత్రంతా తిరుగుతూ ఉంటే ఏమవుతుందో, హాజరుపట్టీలో పావుపూట కోసే కాంట్రాక్టరుకు ఒకరు చెప్పాలా?

ఇక క్యాసినోల థీమ్ సంగతి. లాస్ వేగస్‌లో మిరాజ్ క్యాసినో హోటల్ వాళ్లు 1989లో వాకిట్లోనే ఉత్తుత్తి అగ్నిపర్వతం పెట్టారు. జనం నోళ్లు వెళ్లబెట్టి చూశారు. 2024 జూలైలో హోటల్‌తోపాటు అదీ ఆరిపోయింది. సిల్తారా వాసికి ఆ సంబడం ఎందుకో! కొలిమి వెలుగు ఇక్కడ రోజూ ఉచితం. మేడమీద ఆరేసిన తెల్లచొక్కా తెల్లారేసరికి మసి థీమ్‌లోకి మారిపోతుంది.

అన్నట్టు, ఈ క్యాసినోలన్నీ టూరిజం కోసమేనట. అందుకే కాబోలు, 2020 ఫిబ్రవరి 1 నుంచి గోవావాళ్లకు గోవా క్యాసినోల్లో ప్రవేశం లేదు. సింగపూర్‌లోనైతే స్థానికుడు రోజుకు 150 సింగపూర్ డాలర్లు కడితేనే లోపలికి. అంత గొప్ప వినోదాన్ని సొంత జనం కంటపడనీయని ప్రభుత్వాలను ఏమనాలి? త్యాగమూర్తులనాలి.

మనవైపూ కళాపోషకులకు కొదవలేదు. పొరుగునే ఉన్న భిలాయిలో మూలాలున్న మహాదేవ్ బెట్టింగ్ యాప్ ప్రమోటర్ పెళ్లి 2023 ఫిబ్రవరిలో యూఏఈలో జరిగింది. దానికి సుమారు 200 కోట్లు నగదుగా ఖర్చుపెట్టారనీ, డాన్సర్లను ముంబై నుంచి రప్పించారనీ ఈడీ ప్రకటించింది. యాప్‌లో పందెం కాసి పోగొట్టుకున్నవాళ్లకు శుభలేఖలు అందాయో లేదో మాత్రం చెప్పలేదు.